జామీను తాంబూలం

నా అంగట్లో జిరాక్సు మిషను వెనకాల గోడకు ఆనించి ఒక పళ్ళెం ఉంటుంది. ఇత్తడి పళ్ళెం, పైన నికెల్ పూత. వచ్చినవాళ్ళు వెండిదా అని అడుగుతారు. వెండిదైతే ఈపాటికి తాకట్టు కొట్లో ఉండేదని చెప్పి పంపిస్తాను. ఎవరిదని అడిగితే మాత్రం నాకు చిరాకేస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ఒక పూట పడుతుంది, జిరాక్సు కోసం వచ్చినవాడికి అంత ఓపిక ఎక్కడుంటుంది?

పోయిన నెల హిందూపురం నుంచి పాత ఇనుము వ్యాపారి ఒకాయన భూమి కాగితాల పనిమీద పెనుకొండకు వచ్చాడు. నకళ్ళు తీయించుకోవడానికి నా దగ్గరికొచ్చి, పళ్ళెం చూసి, ఇది పాలిషప్ప చేతి పని కదా అన్నాడు. అవునన్నాను. ఆయన ధర్మవరంలో పోయి పక్షం దాటిందని, నాకు తెలిసే ఉంటుందనుకున్నానని అన్నాడు. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆ వ్యాపారి కాగితాలు మిషన్లో తలకిందులుగా పెట్టాను, రెండోసారీ అలాగే పెట్టాను. చివరికి డబ్బులు తీసుకోవడం కూడా మరిచిపోయి పంపించేశాను.

పాలిషప్ప అనేది హిందూపురంలో అందరూ పిలిచే పేరు. అసలు పేరు నాకు బాగా తెలుసు, ఎన్నో అర్జీల మీద నేనే టైపు కొట్టాను. ఇక్కడ మాత్రం రాయను. అప్పు అనే మాట ఉన్నచోట తన పేరు కనబడడమంటే ఆయనకు జీవితమంతా భయం.

ఆయన్ని ఒక్కసారి చూసినవాళ్ళు బొటనవేలి గోరును మరిచిపోరు. యాసిడ్ తగిలి తగిలి పసుపు తిరిగిన గోరు. మెరిసే వస్తువు ఏది కనబడినా దాని అంచును ఆ గోటితో గీకేవాడు. బస్సులో పట్టుకునే కడ్డీ, హోటల్లో నీళ్ళ జగ్గు, పక్కన కూర్చున్నవాడి గడియారం గొలుసు, ఏదీ వదిలేవాడు కాదు. గీకి, "నిలుస్తాది" అనో "లేస్తాది" అనో ఒక్క మాట అని ఊరుకునేవాడు. లేస్తాది అంటే పూత పొరలుగా లేచిపోతుందని. ఒకసారి మా అంగడి ముందు ఆగిన ఒక నాయకుడి కారు బంపరును గీకి లేస్తాది అన్నాడు. డ్రైవరు కొట్టడానికి వచ్చాడు. ఆయనకు కళ్ళు సరిగా కనబడవని నేను అడ్డం పడి తప్పించాను. డ్రైవరు పోయాక, కళ్ళు కనబడవని ఎందుకన్నావు, నాకు గిరాకీలు ఎట్లా వస్తారు అని నామీదే అలిగాడు.

నేను ధర్మవరం వాణ్ణి. అన్నదమ్ములంతా మగ్గం గుంతలో కూర్చున్నారు. నాకు మోకాళ్ళు సహకరించక, టైపు నేర్చుకుని, తొంభైలలో పెనుకొండలో పెద్దాఫీసు, అంటే రెవెన్యూ ఆఫీసు, ఎదురుగా బల్ల వేసుకున్నాను. పాలిషప్ప మొదటిసారి వచ్చింది షెడ్డుకు కరెంటు కనెక్షన్ కోసం అర్జీ కొట్టించుకోవడానికి. నేను కొడుతున్నంతసేపూ ఆయన చూపు నా టైపు మిషను మీదే. కొట్టడం అయిపోగానే లైను మార్చే పిడిని గోటితో గీకాడు. తుప్పు రాలింది. అడగను కూడా అడగకుండా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పిడి ఊడదీసుకుని, వచ్చే వారం తెస్తానని బస్సెక్కేశాడు. ఆ వారమంతా లైను లైనుకూ రోలరును చేత్తో తిప్పుకుంటూ, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పని చేశాను. చెప్పినట్టే తెచ్చి బిగించి వెళ్ళాడు. ఇప్పుడు ఆ మిషను మూలపడింది, పిడి మాత్రం మెరుస్తూనే ఉంది.

హిందూపురంలో ఆయన షెడ్డుకు తర్వాత వెళ్ళాను. రేకుల కప్పు, అద్దె షెడ్డు. లోపల వరసగా తొట్టెలు. ఒకదాంట్లో సోడా నీళ్ళు, ఇంకోదాంట్లో యాసిడ్, నడుమ నడుమ మంచినీళ్ళు, చివరన పచ్చటి నికెల్ నీళ్ళు. సైకిలు సామాన్లు, తలుపు గొళ్ళేలు, పూజ సామాన్లు రాగితీగలకు వేలాడదీసి ఒక్కొక్క తొట్టెలో ముంచి తీస్తారు. ఆయన ధ్యాస పూత మీద కంటే కడగడం మీద ఎక్కువ. కింద శుద్ధంగా ఉంటేనే పైన నిలిచేదని చెప్పి, కూలివాళ్ళతో కడిగిందే కడిగించేవాడు. వాళ్ళు మొహం మీదే విసుక్కునేవాళ్ళు. ఆ ఘాటుకు నేను దగ్గుతుంటే నవ్వుతూ బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

వాళ్ళ నాయన సంగతి ఆ రోజే చెప్పాడు. వాళ్ళది కొత్తచెరువు వైపు. నాయనకు కొంచెం చేను, శెనక్కాయ పంట. ఊళ్ళో స్నేహితుడొకడు షావుకారు దగ్గర అప్పు చేస్తే, నాయన జామీను ఉన్నాడు. వాడు కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టాడు. వాడు కట్టలేదు. చేను షావుకారు పేరుకు రాసిచ్చి వచ్చిన రోజే ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. నాయన వెళ్ళి పంక్తిలో కూర్చుంటే, ఎదురు వరసలో ఆ స్నేహితుడు ఓళిగ మీద, అదే బొబ్బట్టు మీద, నెయ్యి పోయించుకుంటున్నాడు. నాయన విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. మరునాడు వాడి ఇంటిముందు నిలబడి గొంతు పోయేదాకా తిట్టాడు. చేను పోయినందుకు ఆయన ఎప్పుడూ ఏడవలేదట. చచ్చేదాకా ఒకటే మాట.

"నా చేను పోయిన దినం వాడు ఓళిగ తిన్న్యాడురా."

ఆ మాట వింటూ పెరిగిన మనిషి పాలిషప్ప. ఆయన ఎవరికీ జామీను ఉండలేదు, ఎవరినీ తనకు ఉండమని అడగలేదు. సొంత బావమరిది లారీ కొనుక్కోవడానికి సంతకం పెట్టమంటే పెట్టలేదు. ఆ తర్వాత భార్య పుట్టింటివాళ్ళు రాకపోకలు మానుకున్నారు. బ్యాంకులేమో ఇల్లు చూపించు, పొలం చూపించు, లేకపోతే ఇద్దరు మనుషుల్ని చూపించు అనేవి. ఆయన దగ్గర మొదటివి లేవు, రెండోది ఆయన చేయడు. అందుకే చిన్న తొట్టెలతోనే ఏళ్ళు నెట్టుకొచ్చాడు. నికెల్ నీళ్ళు పెద్ద తొట్టెలో ఉంటే బెంగుళూరు పని పట్టుకోవచ్చని ఆయనకు తెలుసు. ఆ పెద్ద తొట్టె గురించి మాట్లాడేటప్పుడు రెండు చేతులూ చాచి చూపించేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక, ఒకరోజు పరుగులాంటి నడకతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. చిన్న పరిశ్రమలకు కొత్త రకం లోను వచ్చిందట. ఇల్లూ పొలం అక్కరలేదు, మనిషి జామీనూ అక్కరలేదు, మనం కట్టలేకపోతే గవర్నమెంటే గ్యారంటీ అని హిందూపురం బ్యాంకు మేనేజరు కూర్చోబెట్టి చెప్పాడట. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. కాసేపటికి ఆ వెలుగు తగ్గి అనుమానంగా అడిగాడు.

"గవర్నమెంటు అంటే ఎవురప్పా? నాకు జామీను ఉండేది ఎవురు?"

నేను ఎదురుగా ఉన్న ఆఫీసు చూపించి, ఆ లోపల కూర్చుని నేను కొట్టిన అర్జీలు చదవకుండా పక్కన పెట్టేవాళ్ళేనన్నాను. ఎగతాళికన్నాను. ఆయన ఆ ఆఫీసు వైపు తిరిగి చాలాసేపు చూశాడు. ముక్కూ మొహం తెలియని నాకు జామీను ఉంటున్నారే అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన గొంతు విని నవ్వలేకపోయాను.

లోను వచ్చింది. పెద్ద తొట్టెలు వచ్చాయి. కరెంటును తొట్టెలకు తగ్గట్టు మార్చే పెద్ద పెట్టె వచ్చింది. బెంగుళూరు కంపెనీ ఒకటి తలుపు పిడులు పంపడం మొదలుపెట్టింది. ఆ వచ్చిన ఉగాదికి, పండగ మరునాడు పొద్దున్నే, పాలిషప్ప తలకు స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని పెనుకొండలో దిగాడు. చేతిలో ఈ పళ్ళెం. అందులో ఆకూ వక్కా, కొబ్బరికాయ, బెల్లం అచ్చు, మడత విప్పని టవలు. వాళ్ళ వైపు అదొక ఆచారం. అప్పు తీసుకున్నవాడు ఆ తర్వాత వచ్చే ఉగాదికి జామీను ఉన్న మనిషి ఇంటికి తాంబూలం తీసుకుపోవాలి. నీ మాట పోనివ్వను అని చెప్పడమన్నమాట. వాళ్ళ నాయన స్నేహితుడు కూడా తెచ్చాడట, ఆ టవలే చేను రాసిచ్చిన రోజు నాయన భుజాన ఉండిందట.

వద్దన్నా వినలేదు. సరే, వెంట వెళ్ళాను, ఏం గొడవవుతుందోనని. లోపల గుమాస్తా తలెత్తి పళ్ళెం చూసి తెల్లబోయాడు. ఎవరికి అన్నాడు. గవర్నమెంటుకు అన్నాడు పాలిషప్ప. ఎందుకు అన్నాడు. నాకు జామీను ఉన్న్యారు కదా సామీ అన్నాడు. గుమాస్తా టవలు కింద ఏమైనా ఉందా అని ఒక వేలితో ఎత్తి చూసి, లేచి నిలబడి, నిన్ను ఏసీబీ వాళ్ళు పంపించారా అని గట్టిగా అడిగాడు. ఆఫీసంతా ఇటు తిరిగింది. ఆ బ్యాంకు లోనుతో ఈ ఆఫీసుకు సంబంధమే లేదని ఇంకొకాయన నిదానంగా చెప్పాడు. మరి యాడికి పోవాల అని అడిగాడు పాలిషప్ప. ఆయనకూ తెలియదు. బొంబాయి అయి ఉండొచ్చు, ఢిల్లీ అయి ఉండొచ్చు అన్నాడు. అటెండరు మాత్రం కొబ్బరికాయ అయితే ఇచ్చిపోవచ్చన్నాడు.

బయటికొచ్చి నా బల్ల మీద పళ్ళెం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. కోపం లేదు, సిగ్గూ లేదు. ఎవరికివ్వాలో తెలియని బాధ, అంతే. కొబ్బరికాయ కొట్టి నాకో చెక్క ఇచ్చాడు. ఆకూ బెల్లం మా అంగళ్ళ వరసలో అందరికీ పంచాడు. టవలూ పళ్ళెమూ నా దగ్గర పెట్టాడు.

"అప్పు తీర్నాక వస్తా. అప్పుటికి ఎవరికియ్యాలో తెలుస్తాది. అంతవరకు నీకాడుండనీ."

తర్వాతిది చెప్పడానికి నాకు మనసొప్పదు. కరెంటు కోతలు మొదలయ్యాయి. వస్తువు నికెల్ తొట్టెలో ఉండగా కరెంటు పోయి మళ్ళీ వస్తే, రెండోసారి పడిన పూత మొదటిదానికి అతుక్కోదు. ఎంత కడిగినా అంతే. ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పేవాడు లేడు. జనరేటరు పెట్టే తాహతు లేదు. ఒక లోడు పిడులు మొత్తం బెంగుళూరు నుంచి వెనక్కి వచ్చాయి. ఆయన ఆ మూటలు విప్పి ఒక్కొక్క పిడీ గోటితో గీకుతూ కూర్చున్నాడట. లేస్తాది, లేస్తాది, లేస్తాది. కూలివాళ్ళు చెప్పారు, సాయంత్రందాకా అదే మాటని. కంపెనీ ఆ లోడుకు డబ్బులివ్వలేదు, కొత్త పనీ ఇవ్వలేదు. బ్యాంకుకు నెలనెలా కట్టే కంతులు ఆగిపోయాయి.

అందరూ ఒకటే సలహా ఇచ్చారు. గవర్నమెంటు గ్యారంటీ ఉంది కదా, బ్యాంకుకు వాళ్ళే కడతారు, నువ్వు గమ్మునుండు. పక్క షెడ్డులో బోల్టులకు పూత వేసే ఒకడు అలాగే గమ్మునుండి కొత్త మోటారు సైకిలు కొన్నాడు. నేను కూడా చెప్పాను, ఉన్నది పోగొట్టుకోవద్దని. పాలిషప్ప నన్ను ఎగాదిగా చూశాడు.

"జామీను ఉన్న్యోళ్ళను ముంచమంటావా? మా నాయన మాదిరి వాళ్ళూ లేసి పోవాల్నా?"

గవర్నమెంటుకు విస్తరి లేదు, నాయన లేడు, చేను లేదు అని నేను వాదించాను. ఈ మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఎవరి తరం? అది ఆయన తలకెక్కలేదు. తొట్టెలు అమ్మేశాడు. పెద్ద పెట్టె పాత ఇనుము కింద పోయింది. బెంగుళూరు పని వచ్చిన రోజుల్లో ఊరిబయట కొనుక్కున్న చిన్న ఇంటి స్థలమూ పోయింది. షెడ్డు ఖాళీ చేసి భార్యతో ధర్మవరం చేరాడు. ఆమె మా వాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టే పనికి కుదిరింది. ఆయన ఒక పాత్రల అంగడి వెనక దీపపు సెమ్మెలు తోమి పాలిష్ పెట్టే కూలికి కుదిరాడు. వారం వారం కొంత మిగిల్చి హిందూపురం పోయి కట్టేవాడు. బ్యాంకువాళ్ళే ఒకసారి పిలిచి, కొంత తగ్గిస్తాం, ఒకేసారి కట్టేసి తీర్మానం చేసుకోమన్నారట. తగ్గించిన ముక్క జామీను మీద పడుతుందని ఆయన ఒప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండి కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే నేను పెనుకొండలో చిన్న ఇల్లు కట్టుకుని పాలు పొంగించాను. పిలవడానికి వెళ్తే, పంక్తిలో కూర్చోనని అన్నాడు. అప్పు ఉన్నంతకాలం ఎక్కడా విందు భోజనం చేయననేది ఆయన పట్టు. నేను వదల్లేదు. వచ్చాడు. నేనే వడ్డించాను. ఓళిగ బాగుందని, మొహమాటంగా, ఇంకొకటి వేయమన్నాడు. ఆయన ఒక వస్తువును ఇంకొకటి కావాలని అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా కడుపు నిండింది.

కొన్నేళ్ళకు అప్పు తీరింది. చివరి కంతు కట్టే రోజు నన్ను తోడు రమ్మన్నాడు. ఆ రోజు కూడా తెల్ల చొక్కా. కట్టేసి, తిరుగు దారిలో పెనుకొండలో దిగి, పళ్ళెం తీసుకుని, ఈసారి ఎవరికివ్వాలో బ్యాంకులోనే అడిగి తెలుసుకుని పోస్టులోనైనా పంపుదామని ఆయన ఆలోచన. దారంతా హుషారుగా ఉన్నాడు. బస్సు కడ్డీని గీకి, నిలుస్తాది అన్నాడు. అది ఉత్త ఇనుప కడ్డీ, పూతే లేదు.

బ్యాంకులో కొత్త ఆఫీసరు, మర్యాదస్తుడు. డబ్బు కట్టించుకుని, కంప్యూటర్లో చూసి, ఖాతా ముగిసిందని చెప్పి, చేయి కలిపాడు. పాలిషప్ప ఆ చేయి పట్టుకునే అడిగాడు, నా కోసం గవర్నమెంటు ఒక్క పైసా కట్టే పని పడలేదు కదా సార్ అని. ఆఫీసరు మళ్ళీ చూశాడు. పడిందండీ, మీరు కంతులు ఆపినప్పుడే మేము గవర్నమెంటు గ్యారంటీ కింద క్లెయిమ్ వేశాం, చాలా భాగం వచ్చేసింది, మీరు తర్వాత కట్టినదాంట్లోంచి వాళ్ళది వాళ్ళకు వెనక్కి పోతుంది, లెక్క సరిపోయింది, మీకేం ఇబ్బంది లేదు అన్నాడు. ఎప్పుడొచ్చింది సార్ అని అడిగాడు ఈయన. ఏడాది చెప్పాడు. ఫిబ్రవరి అన్నాడు.

పాలిషప్ప చేయి వదిలేశాడు. ఎవరికి తాంబూలం ఇవ్వాలో అడగలేదు. బయటికి వచ్చి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పాలసముద్రం ఊరు దాటాక నావైపు తిరిగాడు.

"ఫిబ్రవరి అనె కదప్పా ఆ సారు."

అవునన్నాను.

"మీ కొత్తింట్ల పాలు పొంగిచ్చింది ఆ ఏడే. ఆ నెలే."

కాదు, మార్చి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"శివరాత్రికి ముందర. నాకు బాగా జ్ఞాపకముండాది. నా కోసరం వాళ్ళు దుడ్లు కట్టిన నెలలో నేను ఓళిగ అడిగి ఏపిచ్చుకుంటి."

నేను చాలా చెప్పాను. వాళ్ళ డబ్బు వాళ్ళకు చేరిందని, ఎవరికీ నష్టం లేదని, నీలాగా కట్టినవాడు ఆ షెడ్ల వరసలోనే లేడని. చేరింది లే అన్నాడు. చిన్న గొంతుతో మళ్ళీ అన్నాడు.

"మా నాయన వాని ఇంటికాడికి పోయి తిట్టినాడు. నన్ను తిట్టేదానికి గూడా ఎవురూ రాలేదే. నేనొకన్ని ఉండానని వాళ్ళకు తెల్సో లేదో."

పెనుకొండ వచ్చింది. నేను లేచాను. ఆయన లేవలేదు. పళ్ళెం అన్నాను. వద్దన్నట్టు చేయి ఊపాడు. బస్సు కదిలాక కింది నుంచి చూశాను. ముందు సీటు కడ్డీ మీద చేయి ఉంది, బొటనవేలు కదలడం లేదు.

ఆ తర్వాత ధర్మవరం వెళ్ళినప్పుడల్లా కలిసేవాణ్ణి. సెమ్మెలు తోముతూ ఉండేవాడు, పలకరిస్తే పలికేవాడు. పని బాగుందో లేదో గీకి చూసుకోవడం మానేశాడు. అంగడి యజమాని కూడా అదే చెప్పాడు, ఇదివరకటి మెరుపు రావడం లేదని. తర్వాత నా మోకాళ్ళు మొండికేసి నా ప్రయాణాలు తగ్గిపోయాయి.

పాత ఇనుము వ్యాపారి వచ్చివెళ్ళిన మరునాడు పళ్ళెమూ టవలూ గుడ్డలో చుట్టుకుని ధర్మవరం వెళ్ళాను. ఆయన భార్య గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. కబురు చేయలేదేమమ్మా అంటే, ఎవరికీ చేయొద్దని తనే అన్నాడని చెప్పింది. ఊపిరితిత్తులు పోయాయట. చివరి రోజుల్లో ఏ ముద్ద నోట్లో పెట్టబోయినా, ఆ పొద్దు మనమేమి తింటిమి అని అడిగేవాడట. ఏ పొద్దో ఆమెకు తెలియదు. ఒక రోజు విసిగిపోయి, ఆ పొద్దు పస్తుంటిమి, పొయ్యే ముట్టియ్యలేదు అనిందట. నమ్మలేదు, మూతి తిప్పుకున్నాడని చెప్పింది.

నేను గుడ్డ విప్పి పళ్ళెం ఆమె ముందు పెట్టాను. మీ ఆయనదమ్మా, నా దగ్గరుండిపోయిందన్నాను. ఆమె చుట్టడం ఆపి పళ్ళెం వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"అది మాది కాదంటుండె అన్నా. గవర్నమెంటుదంట. నీకాడ్నే పెట్టుకో. ఎవురన్నా వస్తే ఇయ్యి."

మళ్ళీ చుట్టుకుని తెచ్చి జిరాక్సు మిషను వెనకాల గోడకు ఆనించాను. ఎదురుగా పెద్దాఫీసు, తలుపులు తీసే ఉంటాయి, పొద్దస్తమానం మనుషులు వస్తూ పోతూ ఉంటారు. దీనికోసం మాత్రం ఎవరూ రారు.